బిగుతు ఎక్కడ?

మా కోడలు కోట్లు కుట్టేది. నేను నలభై ఏళ్లు కుట్టిన షాపులోనే, నా మిషను మీదే. నేను చదివింది మూడో తరగతే గానీ, నా కుట్టుకు వంక పెట్టిన మొనగాడు లేడు.

ఒకరోజు షాపులో ఒక పెద్దమనిషి ఆమె కుట్టిన కోటు వేసుకుని చెయ్యెత్తగానే చంక దగ్గర పర్రున చిరిగింది. అందరి ముందూ దాన్ని కోడలి ఒళ్లోకి విసిరికొట్టాడు. ఆ రోజునుంచి పిల్ల పనికి వెళ్లలేదు. కుర్చీలో కూర్చుని అదే తలపోత. దారం పలచనదేమో, కుట్టు పక్కకు పోయిందేమో, అసలు తనే పనికిరాదేమో. కంచంలో అన్నం ఎండిపోయేది. ఏమైందే అంటే ఒకటే మాట: "ఏదోలా ఉంది అత్తయ్యా."

మూడు వారాలు గడిచాయి. సోమవారం రాకపోతే మిషను ఇంకొకరికి ఇచ్చేస్తానని యజమాని కబురు పెట్టాడు. మిషను సరే, ఈ పిల్ల ఏమైపోతుంది? స్నానానికి వెళ్లి కాస్త ఆలస్యం చేస్తే తలుపు దగ్గర నిలబడి నీళ్ల చప్పుడు వినేదాన్ని. మా వాడేమో "రెస్ట్ తీసుకోనీ అమ్మా" అని ఫోనులో తల దూర్చేవాడు.

ఆదివారం ఉండబట్టలేక సుద్దముక్క తెచ్చి ఆమె ముందు పెట్టాను.

"కోటు ఏదోలా ఉందని ఎవరైనా అంటే మొత్తం విప్పేస్తావా?"

"ఎందుకు విప్పుతా? బిగుతు ఎక్కడో అడిగి గీత పెడతా."

"మరి చెప్పు. భయమా?"

"పొద్దున పూట కొంచెం... అది కాదు."

"సిగ్గా?"

"అందరూ చూశారుగా. ఉంది. అదీ కాదు."

"దిగులా? బెంగా? ఏడుపా?"

"వంకాయలు ఏరినట్టు ఏరకండి!" అని కసిరింది. తన గొంతుకు తనే ఉలిక్కిపడింది. "కోపం అత్తయ్యా. చంక దగ్గర గుడ్డ తక్కువ కత్తిరించింది కటింగ్ మాస్టరు. ముందే చెప్పా. కుట్టేయ్ అన్నాడు. తీరా కోటు చిరిగితే నోరు మెదపలేదు." నా వైపు తిరిగి, "మీరు కూడా. నేను ఇంటికి రాగానే, నా రోజుల్లో ఇలాంటివి జరగలేదు అన్నారు."

అన్నాను, నిజమే. ఎదురు చెప్పాలనిపించింది.

"తప్పే" అన్నాను. ఆ మాట నా నోట ముందెప్పుడు వచ్చిందో గుర్తు లేదు.

సోమవారం సగం అన్నం వదిలేసి వెళ్లింది. నేను వెనకే వెళ్లి షాపు మెట్ల మీద కూర్చున్నాను. లోపల గొంతులు లేచాయి. వాటిలో మా కోడలిది విడిగా వినిపించింది.

"ఈ గీత దాకా గుడ్డ వదలండి మాస్టారూ. లేకపోతే నేను కుట్టను."

బల్ల మీద గుడ్డ పరిచిన చప్పుడు, వెనకే కత్తెర చప్పుడు. మిషను మొదలైంది. ఆగింది. నేను మెట్టు మీంచి లేచాను. మళ్లీ మొదలైంది.