బర్రెకు చేసిన వీడియో కాల్

బాన్సువాడలో నా పంక్చర్ షాపుకు రోజూ పొద్దున పేపర్ వస్తుంది. నేను ఏడో తరగతిలోనే బడికి దండం పెట్టేశాను గానీ, మా గల్లీకి సైన్సు వార్తలు అందేది మాత్రం నా నోటి గుండానే. టైరు ఊడదీయించుకున్నవాడు ఎక్కడికీ పోలేడు కదా, వినక తప్పదు.

చంద్రుడి మీద నీళ్లున్నాయని ఒకసారి చదివాను. కాలువ చివర పొలమున్న పెద్దాయన ఒకాయన తల కూడా ఎత్తకుండా, "ఉంటె ఉండనీ. మా మడికి వచ్చినంక చెప్పు" అన్నాడు. డ్రైవర్ లేకుండా నడిచే కార్ల గురించి చదివినప్పుడు నేనే అన్నాను: "గిదేం కొత్త? కోటగిరి ఆటోల డ్రైవర్ సీటు మీద నలుగురు ప్యాసింజర్లు కూసుంటరు. డ్రైవర్ ఎప్పుడో బయటికి పోయిండు."

ఆ రోజుల్లోనే ఇంకో వార్త వచ్చింది. జంతువులు ఏం మాట్లాడుకుంటాయో కంప్యూటర్‌తో కనిపెట్టాలని ఎక్కడో శాస్త్రవేత్తలు తంటాలు పడుతున్నారట. "ఇగ మేకను కోసే ముంగట దాని సంతకం గూడ తీసుకోవాలె" అన్నాను. అందరూ నవ్వారు. మా బావ నవ్వలేదు.

బావ అంటే మా అక్క మొగుడు. ఊరి చివర ఇల్లు, కాస్త వరి పొలం, ఒక బర్రె. నా జోకులకు నవ్వకపోవడం ఆయన పట్టిన వ్రతం. ఆ రోజు మాత్రం దగ్గరికొచ్చి, ఎవరికీ వినపడకుండా అడిగాడు.

"గది బర్రెలకు గూడ వస్తదా?"

"ముందుగాల బర్రెలకే వచ్చింది బావా. నా ఫోన్ల ఎక్కిచ్చిన గూడ."

బావను ఆడించడం బామ్మర్దికి పెళ్లిపీటల మీదే దక్కిన హక్కు. ఆ మాట అనేసి అక్కడితో మర్చిపోయాను.

మర్నాడు కోడి కూసే వేళకు తలుపు దబదబా బాదాడు. "నడువ్. ఫోన్ పట్టుకో."

దారిలో సంగతి చెప్పాడు. మా అక్క నాలుగు రోజుల కిందట రుద్రూర్ పోయింది. బిడ్డకు రెండో కాన్పు దగ్గరపడింది, అక్కడ అత్తగారికి మోకాళ్ల నొప్పులు, చేసిపెట్టే దిక్కు లేదు. నెల దాకా రాదు. పోయేటప్పుడు, "బర్రెను ఎట్ల పిండుతవ్?" అని అక్క అడిగితే, "పాలు పిండుడు గూడ ఒక పనేనా?" అన్నాడట మా బావ. మొదటి రోజు అరలీటరు, రెండో రోజు గ్లాసుడు. తర్వాత చుక్క లేదు. దుడ్డె మూతి పెడితే దానికి కాస్త వదులుతుంది, ఈయన కూర్చోగానే పాలు పైకి ఎగబెడుతుంది.

"ఇంకో నాలుగు దినాలు గిట్లనే ఉంటె వట్టిపోతదిరా. అక్క వచ్చి జూస్తె దానితోని నన్ను గూడ సంతకు తోల్తది."

"మరి అక్కకే ఫోన్ జెయ్యరాదు?"

"సచ్చినా జెయ్య."

కొట్టంలోకి పోగానే ఆయన లుంగీ మీద మా అక్క చీర చుట్టుకున్నాడు. మా దిక్కు అది వింతేం కాదు. ఆడమనిషి ఊరికి పోతే మగవాడు ఆమె చీర కట్టుకుని బర్రెను నమ్మించడం ఉన్నదే. కానీ మా బావ మీసాలు కొంగుకు లొంగే రకం కావు. బర్రె ఒకసారి తల తిప్పి చూసి, ఇంత మాత్రం తెలియదా నాకు అన్నట్టు మళ్లీ గడ్డిలో మూతి పెట్టింది.

"అడుగు దాన్ని" అన్నాడు.

ఫోన్ దాని మూతి దగ్గర పెట్టాను. అది ఫోన్‌ను ఆ చివర నుంచి ఈ చివరకు నాకింది.

"ఏమంటుంది?"

"నీ మొఖం జూసే పాలు ఎండుతున్నయ్ అంటుంది."

కొడతాడనుకున్నాను. కొట్టలేదు. మెల్లగా కుడితి గోలెం అంచు మీద కూలబడ్డాడు. అప్పుడు చూశాను, బర్రె తన్నిన మోకాలు వాచి నల్లబడి ఉంది. అయినా ఆయన కళ్లు బర్రె పొదుగు మీదే ఉన్నాయి.

"బావా, అంత ఉత్తదే. పేపర్ల వచ్చింది నిజమే గానీ నా ఫోన్ల ఏం లేదు."

అప్పుడూ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఇక ఆయన్ని అడగకుండానే మా అక్కకు వీడియో కాల్ కలిపాను.

"ఏందిరా తమ్మీ, గింత పొద్దుగాల?" అంది అక్క. తర్వాత గొంతు మారింది. "నీ ఎన్క గామె ఎవలు?"

గామె లేచి పారిపోబోయి కుచ్చిళ్లు తొక్కుకుని గోలెం పక్కన పడింది.

"అయ్యో, గది నా తొట్టెల చీర! మనుమడో మనుమరాలో పుడితె కట్టుకుందామని బీరువల వెట్టిన చీర! దండెం మీద గన్ని పాత చీరలుండంగ నీ కండ్లకు గదే దొరికిందా? పేడల కూసుంటవా దాంతోని? కట్టుడన్నా సక్కగ వచ్చునా?"

బర్రె నెమరేయడం ఆపింది. చెవులు ఫోన్ వైపు తిరిగాయి. అక్క గొంతు పెరిగేకొద్దీ దాని కళ్లు హాయిగా మూతలు పడ్డాయి.

"బావా, గుంజు!" అన్నాను.

చుయ్యిమని ధార చెంబులో పడింది. అప్పుడర్థమైంది నాకు. ఆ బర్రె ఇంటికొచ్చిన నాటి నుంచీ మా అక్క దాన్ని పిండుతూనే మా బావను తిడుతుంది. అది లేకుండా దానికి తెల్లవారదు.

ఈలోపు నేను సంగతి చెప్పేసరికి అక్క పగలబడి నవ్వింది. ధార ఆగిపోయింది.

"అక్కా, నవ్వకు! తిట్టు!"

"తిట్టుమంటె ఏం తిట్టాలెరా? ఏమన్న జేస్తేనే గద!"

మా బావ బర్రె డొక్కకు నుదురు ఆనించి, కళ్లు మూసుకుని అన్నాడు: "కుక్కర్ మాడగొట్టిన."

"కొత్త కుక్కరా?"

ధార పడింది. అది సన్నబడగానే, "తులసి చెట్టుకు నీళ్లు వొయ్యలే" అన్నాడు. దానికి పెద్దగా రాలేదు. అప్పుడు గుండె గట్టి చేసుకుని, "మొన్న మీ అవ్వ ఫోన్ జేసింది. కావాలనే ఎత్తలే" అన్నాడు. ఆ ఒక్కదానికి అరలీటరు వచ్చింది. అవ్వంటే నాకూ అమ్మే కాబట్టి నేనూ రెండు మాటలు కలిపాను గానీ, నా తిట్లకు బర్రె పాలు చేపలేదు.

ఇక రోజూ అదే పని. తిట్లు రికార్డు చేసి వినిపించి చూశాం. ఒక్క పూట నడిచింది. రెండో పూటకు, నిన్నటివే కదా అన్నట్టు బర్రె ఎగబెట్టింది. రోజూ తాజాగా కావాలి. తాజా తిట్లకు తాజా తప్పులు కావాలి. వారం తిరిగేసరికి మా బావ దగ్గర ఆ నెల సరుకు అయిపోయి, పాత సంవత్సరాలు తవ్వడం మొదలుపెట్టాడు. ఒకరోజు పెళ్లిచూపుల నాడు మా నాన్నతో చెప్పిన అబద్ధం బయటికొచ్చింది. ఆ పొద్దు పక్కింటికి కూడా పాలు పోశాం.

ఇరవై రోజులు అయ్యాయేమో, ఒక పొద్దున అక్కే ముందు చేసింది. "ఆడపిల్ల. ఇద్దరు మంచిగున్నరు."

బావ అప్పటికే చెంబు పట్టుకుని కూర్చున్నాడు. ఆపదకు దాచుకున్న పెద్ద తప్పు తీశాడు. "బీరువ తాళంచెవి పోగొట్టిన."

"పోనీయ్ తియ్, దొరుకుతది" అంది అక్క. నవ్వుతూ ఫోన్ పెట్టేసింది.

ఇక ఆ పూట పాలు లేనట్టే అనుకున్నాను. బావ ఖాళీ చెంబును మళ్లీ మోకాళ్ల మధ్య పెట్టుకున్నాడు. తర్వాత బర్రె డొక్క నిమురుతూ, "ఇన్నవానే? మనుమరాలు పుట్టింది. ఎవల పోలిక వచ్చిందో ఏమో. మీ అమ్మగారి పోలికొస్తె మనకు ముసలితనంల గూడ తిట్లే" అన్నాడు. అలా చెప్పుకుంటూనే పోయాడు. అక్క పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన ఏకబిగిన అంతసేపు మాట్లాడటం నేను వినలేదు. ఇరవై పొద్దుల నుంచి పక్కనే కూర్చుని తప్పులు ఒప్పుకుంటుంటే, బర్రెకు ఆయన గొంతు కూడా అలవాటైపోయింది కాబోలు. ధార పడింది.

అక్క నెల తిరిగాక వచ్చింది. సంచి గడపలో పడేసి నేరుగా కొట్టంలోకి పోయి పొదుగు తడిమి చూసింది. మర్నాడు పాలకు పోతే, అక్క పిండుతోంది, బావ పక్కన బకెట్ బోర్లించుకుని కూర్చుని బర్రెకు కాలువ నీళ్ల ముచ్చట చెబుతున్నాడు.

"గిన్నేండ్లల్ల నాతోని గింత ముచ్చట ఎన్నడన్న వెట్టినవా?" అంది అక్క.

"అది మధ్యల మాట్లాడది" అన్నాడు బావ.

ఆ మాటకు అక్క అందుకుంది చూడండి, చెంబు నిండి పొర్లిపోయింది. బావ తన కిందున్న బకెట్ తీసి ఇచ్చాడు.