పసుపు చేతుల హంతకుడు

మొన్న నిజామాబాదు బస్టాండులో బస్సు కోసం ఎదురుచూస్తూ పుస్తకాల దుకాణం వైపు చూద్దును కదా, మన వయసువాళ్ళం ఒకప్పుడు అన్నం మానేసి చదివిన ఆ డిటెక్టివు సిరీస్ కొత్త అట్టలు తొడుక్కుని మళ్ళీ వరుసగా నిలబడి ఉంది. ఒకటి తీసి ముందుమాట చదివాను. రచయితగారి పరిశీలన అమోఘమట, ఏ ఊరి గురించి రాస్తే ఆ ఊరి మట్టివాసన వస్తుందట. పుస్తకం అక్కడే పడేసి, ఆ ముందుమాట రాసిన మహానుభావుణ్ణి నోరారా తిట్టుకుంటూ బస్సెక్కాను.

మా బాపు ఆర్మూరు పసుపు మార్కెట్లో, మా మాటల్లో గంజులో, ఒక అడ్తి కమీషను దుకాణానికి గుమాస్తా. పసుపు కొమ్ములు కుప్పలు పోశాక, వేలమూ తూకమూ అయ్యేదాకా రైతులకూ హమాలీలకూ కొమ్ములు ఏరే ఆడవాళ్ళకూ బోలెడంత తీరిక ఉండేది. ఆ తీరికలో, సద్దులు తిన్నాక, బాపు బస్తాల మీద కూర్చుని నెలనెలా వచ్చే ఆ డిటెక్టివు పుస్తకాన్ని అందరికీ వినబడేలా చదివేవాడు. సేటు ముందు వంగి వంగి నడిచే బక్కమనిషికి పుస్తకం చేతికొస్తే వీపు నిటారయ్యేది, గొంతు మారేది. నందిపేట నుంచి వచ్చిన రైతులు పసుపు అమ్ముడుపోయినా సరే, హంతకుడెవరో తేలేదాకా బండ్లు కట్టేవారు కాదు. లోకంలో ఆయనకున్న మర్యాదంతా ఆ కాసేపే.

ఒక నెల పుస్తకం వెనక అట్ట మీద, రాబోయే కథ ఆర్మూరు పసుపు మార్కెట్లో జరుగుతుందని వేశారు. ఇక బాపు కాళ్ళు నేల మీద ఆనలేదు. ఆ డిటెక్టివు మా ఇంటికే చుట్టంగా వస్తున్నట్టు కనబడ్డవాళ్ళందరికీ చెప్పుకున్నాడు. పుస్తకం వచ్చాక ముందుగా చదివితే అందరితో కలిసి ఆశ్చర్యపోయే సుఖం పోతుందని తానూ విప్పలేదు. ఆ నిగ్రహమే కొంప ముంచింది. బడికి సెలవు కావడంతో అది చదివే రోజు నేనూ గంజుకు వెళ్ళాను, సేటు అందరికీ చాయ్ కూడా తెప్పించాడు.

కథలో పసుపు కుప్ప కింద శవం దొరికేసరికి అందరూ చాయ్ పక్కన పెట్టి ముందుకు జరిగారు. చివరి అధ్యాయంలో డిటెక్టివు గంజులో వాళ్ళందరినీ వరుసగా నిలబెట్టి, ఒక్క హమాలీ అరచేతులకు మాత్రం పసుపు అంటుకుని ఉండటం చూసి, వీడే హంతకుడని పట్టేశాడు. ఆ వాక్యం దగ్గర బాపు తలెత్తి చూశాడు. చుట్టూ కూర్చున్నవాళ్ళలో పసుపు లేని చెయ్యి ఒక్కటి లేదు. బాపు వేళ్ళు తగిలిన పేజీలు కూడా పచ్చబడుతున్నాయి.

హమాలీల్లో పెద్దాయన లేచి రెండు అరచేతులూ బాపు మొహం ముందు చాపాడు.

"నన్ను గూడ పట్టియ్యి గుమాస్త సారు. గిన్నేండ్ల సంది నీ నోట ఇన్నందుకు మమ్ములనే ఖూనీకోర్లను జేసిండు నీ డిటెక్టివు."

గంజంతా పగలబడి నవ్వింది. ఆ నవ్వు ఆ రోజుతో ఆగితే బాగుండేది. మర్నాటి నుంచి బాపు కనబడితే చాలు, చేతులు పైకి లేచేవి. ఆడవాళ్ళు చాటలు పక్కన పెట్టి మరీ ఎత్తేవారు. బడిలో నా వెనక పిల్లలు ఎత్తేవారు. బాపు జ్వరంతో దవాఖానలో పడి ఉంటే చూడటానికి వచ్చిన సేటు బత్తాయిలు మంచం మీద పెట్టి, వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర చేతులెత్తాడు. అది చూసి అమ్మ కూడా నవ్వింది. మంచం పట్టిన మనిషిని చూసి కూడా నవ్వగలరని నాకు తెలిసింది అప్పుడే.

ఇంత జరిగినా బాపు రచయితను ఒక్క మాట అననివ్వలేదు. తర్వాతి పుస్తకంలో సరిదిద్దుతాడని గంజులో అందరితో వాదించాడు. తర్వాతి పుస్తకంలో ఆ డిటెక్టివు బొంబాయి హోటల్లో ఎవరో నాట్యగత్తె వెంట తిరుగుతున్నాడు, ఆర్మూరు ఊసే లేదు.

అప్పుడు బాపు మేలురకం కొమ్ములు ఏరి మూట కట్టి, నన్ను వెంటబెట్టుకుని హైదరాబాదులో ఆ రచయిత ఇంటికి వెళ్ళాడు. ఆయన మమ్మల్ని కూర్చోమనలేదు. బాపు తానే తప్పు చేసినవాడిలా నీళ్ళు నములుతూ గంజు సంగతి చెబుతుంటే, ఆయన గోళ్ళు కత్తిరించుకుంటూ విన్నాడు. ఏదో ఒక ఊరి పేరు కావాలి కాబట్టి రాశానన్నాడు.

"అయినా ఆర్మూరులో నా పుస్తకాలు చదివేవాళ్ళెవరున్నారయ్యా?"

బాపు గంజులో ఉన్నవాళ్ళందరి పేర్లూ ఏకరువు పెడతాడనుకున్నాను.

"ఎవలు లేరు సార్," అన్నాడు. మూట అరుగు మీద పెట్టి, దండం పెట్టి, గేటు దాటాడు.

ఆ తర్వాత బాపు కథల పుస్తకం ముట్టలేదు. కొన్నాళ్ళకు తీరిక వేళల్లో విసుగు పుట్టి హమాలీలే చందా వేసుకుని ఒకటి కొనుక్కొచ్చి, ఇక ఎగతాళి చెయ్యబోమని బతిమాలారు. కళ్ళు కనబడటం లేదన్నాడు. అవే కళ్ళతో, అద్దాలు లేకుండా, పోయేదాకా సేటు లెక్కలు రాశాడు.

వాళ్ళ నవ్వును నేను ఇప్పటికీ క్షమించలేదు, ఆ రచయితనైతే ఎన్నటికీ క్షమించను. కానీ ఈమధ్య గంజు వైపు వెళ్ళినప్పుడు చూస్తే, తీరిక వేళ ఎవరి ఫోనులో వాళ్ళు, ఎవరి చెవిలో మోగేది వాళ్ళకు, ఎందులో ఏ తప్పున్నా కోపం వచ్చేవాడూ లేడు, నవ్వేవాడూ లేడు. అక్షరం రానివాళ్ళు ఒక పుస్తకం మీద అంత పగబట్టారంటే దాన్ని ఎంత చెవిపెట్టి విన్నారో కదా అని ఇప్పుడు తోస్తుంది. ఆ రచయిత ముందు ఎవలు లేరని మా బాపు చెప్పింది పచ్చి అబద్ధం. ఇవాళ అది నిజమైంది.