సెంటు ఏ బావకి?

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో నాకు మనుషులకన్నా నవలలతోనే పరిచయం ఎక్కువ. డిసెంబరు వస్తే విశాఖలో చెమట కాస్త తగ్గుతుంది, దాన్నే మేము చలికాలం అంటాం. ఆ కాసింత చలిలో, ఉన్నికోట్లు తొడుక్కున్న నవలా నాయకుల దగ్గర వచ్చే తడిమట్టి, వట్టివేళ్ళు, పొగచూరిన చెక్క వాసన నా ఒంటి నుంచి కూడా రావాలని కోరిక పుట్టింది. (డైరీకి తప్ప ఎవరికీ చెప్పలేదు. మల్లెపూల సెంటు కొట్టుకుంటే ఎవరి పెళ్ళికో వచ్చినట్టుండేది నాకు.)

గోపాలపట్నం ఫ్యాన్సీ షాపులో మగవాళ్ళ సెంట్లవైపు అటూ ఇటూ చూసి వేలు చూపించాను. "ఎవరికి మేడమ్?" అన్నాడు సేల్స్‌మన్. నాకేనని చెప్పే ధైర్యం లేక, "మా బావకి" అనేశాను. "ఏ బావండి? అక్క మొగుడా, మేనత్త కొడుకా? అక్క మొగుడైతే ఏదైనా సరిపోతాది. మేనత్త కొడుకైతే సూసి ఇవ్వాల" అన్నాడు. నాకు అక్క లేదు. కాబట్టి మిగిలిన బావకే ఒప్పుకున్నాను. "చలికాలానికి, కాస్త చిక్కటి వాసన..." అని గొణిగాను. "మనూల్లో సలేటి మేడమ్! బావగారు కాశ్మీర్లో ఉన్నారేటి?" అంటూ అట్టముక్కల మీద కొట్టి అందించాడు. ఒకటి బూటు పాలిష్, ఇంకొకటి కషాయం. మూడోది ముక్కు దగ్గర పెట్టుకుంటే, వాన వెలిశాక సింహాచలం కొండమీంచి వచ్చే గాలి! ఇదే నాది అనుకున్నాను.

"కాశ్మీరేటి? పెందుర్తిలోనే ఉన్నాడు మావోడు!" అని వెనక నుంచి వినిపించింది. గాజులు కొనడానికి వచ్చిన మా మేనత్త. ఆవిడకి ఉన్నది ఒక్కడే కొడుకు. "సిగ్గెందుకే, నాను ఇచ్చేత్తాలే ఆడికి" అంటూ నా బుగ్గ గిల్లి, సీసా తీసి తన సంచిలో వేసేసుకుంది.

సీసా పోతోంది, పైగా పెళ్ళి కూడా అయిపోయేలా ఉంది. "అత్తయ్యా, అది నాకే! నేను పూసుకోడానికే!" అని అరిచాను. షాపంతా ఇటు తిరిగింది.

"మగోల సెంటు నీకేటే?" అంటూ అత్తయ్య మూత తీసి వాసన చూసింది. మళ్ళీ చూసింది. "బాగుందే! ఆడికెందుకులే, దండగ. ఏదీ, నా సెయ్యి మీద కూడా కాస్త కొట్టు."

ఇప్పుడు ఫోన్‌లో నొక్కితే అదే సెంటు గుమ్మంలోకి వస్తుంది. ఎవరికని అడిగేవాళ్ళే లేరు. అడిగితే చెప్పడానికి గొంతూ ఉంది. అయినా, చెవులదాకా ఎర్రబడి బావని కల్పించుకున్న ఆ పిల్ల ఎక్కడైనా ఎదురైతే, ఆ సిగ్గులో కాస్త నాక్కూడా మిగల్చకపోయావా అమ్మా అని అడగాలనిపిస్తుంది.