దిండిగల్ రెండుసార్లు వస్తుంది

కుళందైసామి నాయుడు బుద్ధెరిగిన తర్వాత ఏ ఊరికీ సూటిగా వెళ్లలేదు. ముక్కెక్కడుందంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించే మనుషులు కొందరుంటారు. ఆయన వాళ్లందరికీ గురువు. కోయంబత్తూరు పీళమేడులో తన ఇంటి నుంచి సందు చివరి పాల బూతుకు వెళ్లాలన్నా మధ్యలో ఇద్దరు చుట్టాలు, ఒక పాత స్నేహితుడు, కొత్తగా బిడ్డ పుట్టిన ఇల్లొకటి ఆయనకు తగలాల్సిందే. పాలు తెచ్చేసరికి కాఫీ వేళ దాటి భోజనాల వేళ అయ్యేది. "అది పాలా, పెరుగా?" అని భార్య జానకమ్మాళ్ గుమ్మంలోనే అడిగేది. ఆయన జవాబు ఎప్పుడూ ఒకటే.

"దావలోనే గదా!"

ఒకసారి చెన్నైలో పెళ్లికని బయలుదేరి చిన్నమనూరులో తేలాడు. చెన్నై ఉత్తరాన, చిన్నమనూరు దక్షిణాన. అక్కడెవరో ద్రాక్షతోట అన్నయ్యకు ఒంట్లో బాగా లేదట, దావలోనే గదా అని వెళ్లాడట. ద్రాక్షబుట్టతో చెన్నై చేరేసరికి పందిరి విప్పుతున్నారు. ఊరికే తిరిగొస్తే ఆయన కుళందైసామి ఎందుకవుతాడు? పందిరివాళ్లతో కలిసి భోంచేసి, ద్రాక్ష వాళ్లకే పంచి, వాళ్ల మేస్త్రి కూతురికి ఒక సంబంధం కూడా చెప్పి వచ్చాడు.

ఈ మనిషి వల్ల అందరికంటే ఎక్కువ తలవంపులు పడింది ఆయన తమ్ముడి కూతురు చారులత. తల్లి చిన్నప్పుడే పోతే చారులత పెద్దనాయన ఇంట్లోనే ఉండి చదువుకుంది. పబ్లిక్ పరీక్ష రోజున ఆయన స్కూటరు మీద బడికి తీసుకెళుతూ దావలోనే గదా అని సింగానల్లూరులో ఒక గృహప్రవేశానికి తీసుకెళ్లాడు. పిల్ల నుదుట పసుపుకుంకాలతో, చేతిలో లడ్డుతో పరీక్ష హాల్లోకి ఆలస్యంగా అడుగుపెట్టింది. హాలంతా నవ్వింది. ఆ రోజే చారులత ఒట్టు పెట్టుకుంది, బతుకులో ఇక ఎక్కడికి వెళ్లినా సూటిగానే వెళ్లాలని.

వెళ్లింది కూడా. సూటిగా చదివి, సూటిగా ఉద్యోగం తెచ్చుకుని, ఈ మధ్యనే సూటిగా రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్లి ఆరోగ్యసామిని పెళ్లి చేసుకుంది. అతను నీళ్ల పంపులు తయారుచేసే కంపెనీలో ఇంజనీరు. తమిళుడు, క్రైస్తవుడు, నెమ్మదస్తుడు. సూటిదారికి కూడా ఒక ధర ఉంటుందని ఆమెకు అప్పుడు తెలిసింది. దిండిగల్‌లో ఆమె తండ్రి పళనిసామికి తాళాల వ్యాపారం. ఆ ఊళ్లో తాళాలకేం కొదవ? ఒకటి తీసి నోటికి వేసుకున్నాడు. పెళ్లికి రాలేదు, ఫోనెత్తలేదు. కన్నతండ్రి ఎటో చుట్టాలూ అటే. పెళ్లికి వచ్చినవాళ్లు పెద్దనాయన, పెద్దమ్మ మాత్రమే. ఆయన కూడా దావలో ఎక్కడో ఆగి, సంతకాలు అయిపోయాక వచ్చాడు.

ఆ వైపు ఆనవాయితీ ప్రకారం కొత్త జంటను చుట్టాలు ఒకరి తర్వాత ఒకరు ఇంటికి పిలిచి విరుందు, అంటే పెళ్లివిందు, పెట్టాలి. విరుందు తినని పెళ్లి సర్కారు కాగితాల్లో పెళ్లే గానీ జనంలో పెళ్లి కాదు. ఆరోగ్యసామి వైపు వాళ్లు ఆదివారం తప్పకుండా పిలిచి కోడికూర పెడుతున్నారు. ఒకరోజు అత్తగారు ఏ కల్మషం లేకుండా, "మీవాళ్లు ఎప్పుడు పిలుస్తారమ్మా?" అని అడిగింది. "ఆడి మాసం పోనీ అత్తా" అని చారులత అబద్ధమాడింది. ఆడి మాసం, అంటే మన ఆషాఢం, పోయింది, ఆ తర్వాతి ఆవణి కూడా పోయింది. ఆ తర్వాత అత్తగారు అడగడం మానేసింది. ఆ మానేయడమే చారులతకు తలకొట్టేసినట్టయింది. మా వాళ్లు అలాంటివాళ్లు కాదు అని మొగుడికి పెళ్లికి ముందు ఎన్నిసార్లు చెప్పిందో ఆమెకే తెలుసు.

అందుకే ఎక్కడికైనా దూరంగా వెళ్లిపోదామని రైలు ప్రయాణం ఒకటి వేసింది. కోయంబత్తూరు నుంచి తిరుచ్చి మీదుగా నాగపట్టినం, అక్కడ ఓడెక్కి లంక, అక్కడ మళ్లీ రైలు. యాళ్పాణం, కొలంబో, కండి, చివరకు తేయాకు కొండల మీద బదుళ్ల. ఎవరికీ చెప్పొద్దనుకుంది. కానీ పెద్దమ్మ చేతి ఇడ్లీలు తింటూ నోరు జారింది.

కుళందైసామి వెంటనే బల్ల మీద మ్యాపు పరిచాడు. మ్యాపంటే కాగితం కాదు. కాఫీ గ్లాసు కోయంబత్తూరు, ఉప్పు డబ్బా దిండిగల్, చట్నీ గిన్నె మదురై, సాంబారు పళ్లెం సముద్రం, అందులో మునిగిన ఇడ్లీ లంక.

"మదురై ఏలమ్మా విడిచిపెడితివి?"

"మేము పొయ్యేది నాగపట్టినానికి పెద్దనాయనా."

"దావలోనే గదా!"

"దావలో లేదు! అది కింద ఉండాది, ఇది పక్కన ఉండాది."

"పొళ్లాచ్చి మీద మదురైకి పొయ్యి, రేత్రికి ఉండి, మర్నాడు మళ్లా దిండిగల్ మీద తిరుచ్చి, అట్లే నాగపట్టినం. సులువు."

"మళ్లా దిండిగల్లా? ఒక స్టేషను రెండుసార్లు వస్తాదా? వినేవాళ్లు నవ్వుతారు!"

"నవ్వనీ. ఒకసారికి కాకుంటే రెండోసారికి," అంటూ ఆయన సాంబారులో వేలు పెట్టి లంకను కొద్దిగా జరిపాడు. "లంకలో మనోళ్లు ఎవరూ లేరా?"

"రావణుడొకడు ఉండె. ఆయనా మనోడు కాదు."

"విచారిస్తాను," అన్నాడు కుళందైసామి గంభీరంగా. తర్వాత ఆలోచనలో పడి లంకను తినేశాడు.

పక్కనే ఇడ్లీలు తింటున్న ఆరోగ్యసామి కలగజేసుకోకుండా ఉంటే బాగుండేది. మాటలు తెలియకపోయినా బల్ల మీది మ్యాపు చూసి, పెద్దవాళ్లు అంత ఆశగా చెబుతున్నారు, అలాగే పోదామని తమిళంలో అనేశాడు. మొగుడి ముందు పెద్దాయన మాట ఎలా కొట్టేస్తుంది? పులి మీద పుట్రలా, "నేనూ నాగపట్టినం దాకా వస్తాను, ఓడెక్కించి పోతాను" అన్నాడు కుళందైసామి. పెళ్లయ్యాక మొదటి ప్రయాణం. వెంట పెద్దనాయన. కంపెనీలో స్నేహితురాళ్లకు ఈ సంగతి చెప్పడానికి చారులతకు మొహం చెల్లలేదు.

ఎంచుకున్న రైలు కూడా అలాంటిదే, పిలిస్తే చాలు ఆగిపోయేలా ఉంది. స్టేషను రాకముందే కుళందైసామి తలుపు దగ్గర వేలాడుతూ తువ్వాలు ఊపేవాడు. "ఇక్కడ! ఇక్కడ! కొత్త మాప్పిళ్ళ ఇక్కడుండాడు!" అని అరిచేవాడు. పెట్టెలో వాళ్లంతా ఆ కొత్త అల్లుణ్ని చూడటానికి మెడలు సాచేవారు. చారులత దుపట్టా మొహం మీదికి లాక్కునేది.

పొళ్లాచ్చిలో ఎవరో అన్న వరస ఆయన కిటికీలోంచి లేతకొబ్బరికాయలు దించాడు. మాప్పిళ్ళను ఒకసారి ఎగాదిగా చూసి, ఏదో అడగబోయాడు. రైలు కదిలింది.

పళనిలో కోమలవల్లి అత్త నిలబడి ఉంది. పళనిసామికి అక్క, కుళందైసామికి చెల్లెలు. పెళ్లి మాట విని అన్నం మానేసిన మనిషి. మానేసింది ఒక్క పూటే అనుకోండి. చేతిలో పెద్ద స్టీలు డబ్బా, కళ్లలో నిప్పులు.

"ఏమే చారూ, మన జనంలో నీకు మగబిడ్డే దొరకలేదా? నీ నాయన తల యెత్తుకుని..."

"తిట్టేది తర్వాత చూస్తాము కోమలా, సిగ్నలు పడిపోయె! డబ్బా ముందు ఇయ్యి!" అని కుళందైసామి తొందరపెట్టాడు.

ఆమె తిట్టు సగంలో ఆపి డబ్బా లోపలికి తోసింది. రైలు కదిలింది. ఆమె పక్కనే నడుస్తూ, "తలకాయ తిరిగినదానా! చల్లారక ముందే తినండి! మర్యాద లేనిదానా! ఆ పిల్లోడికి ఇంకో గరిటె పొంగలి వెయ్యి, బక్కగా ఉండాడు! డబ్బా వాపసు రావల్ల, వట్టిది తేకూడదు!" అని అరిచింది. ఏది తిట్టో ఏది దీవెనో విడదీయడానికి వీల్లేకుండా ప్లాట్‌ఫారం అయిపోయింది.

ఎదుటి సీటువాళ్లు చప్పట్లు కొట్టారు. ఆరోగ్యసామి పొంగలి తింటూ బాగుందన్నాడు. చారులతకు మాత్రం నేల చీలితే దిగిపోదామనిపించింది.

దిండిగల్ వచ్చింది. కుళందైసామి తలుపు దగ్గర వేలాడలేదు. అరవలేదు. చారులత కిటికీ కమ్ములు పట్టుకుని ప్లాట్‌ఫారం ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసింది. బిరియాని పొట్లాలు అమ్మేవాళ్లున్నారు, పోలీసులున్నారు, ఎవరి కోసమో ఎవరెవరో వచ్చి ఉన్నారు. తన కోసం ఎవరూ లేరు. ఆరోగ్యసామి కూడా అటే చూస్తున్నాడు. అతను చూస్తున్నాడన్నదే ఆమెకు భరించరానిదైంది. రైలు కదిలింది.

"అయ్యిందా పెద్దనాయనా? తృప్తేనా?" ఆమె గొంతు పెట్టెంతా వినిపించింది. "ఇదొకటి చూపించేదానికేనా చుట్టూ తిప్పి తెచ్చింది? మాకేం మానం మర్యాద లేదా?"

కుళందైసామి ఆమె వైపు చూడలేదు. పొంగలి డబ్బా మూత బిగించాడు. అది బిగిసే ఉంది, మళ్లీ బిగించాడు. మదురై దాకా ఒక్క చుట్టం కథ కూడా చెప్పలేదు. ఆయన ఊరుకోవడం చూసి జీవితంలో మొదటిసారి చారులతకు భయం వేసింది.

మదురైలో ఆ పూట దూరపు చుట్టాలింట్లో గడిచింది. మర్నాడు తిరుచ్చి రైలెక్కాక చారులత ప్లాట్‌ఫారం కనిపించని వైపు కిటికీ చూసుకుని కూర్చుంది. కొడైకెనాల్ రోడ్డు దాటింది. తర్వాత వచ్చేది దిండిగల్లే.

"ఈ పక్కకు వచ్చి కూర్చో," అన్నాడు కుళందైసామి.

"వద్దు పెద్దనాయనా. ఒకసారి సిగ్గు పడింది చాలు."

"నీ నాయన నిన్న వచ్చినాడు."

చారులత తల తిప్పింది.

"టీ అంగడి వెనక నిలబడి ఉండె. చేతిలో ఏదో పొట్లం. నేను చూస్తిని."

"చూసి ఏల పిలవలేదు!"

"పిలిస్తే పారిపోతాడు. నా తమ్ముడు నాకు తెలియడా? రోషమైనోడికి రైలు ఒకసారి ముందర్నే దాటి పోవల్ల. ఆ రేత్రికి నిద్ర పట్టకూడదు. అప్పుడు వస్తాడు. అందుకే గదా రెండుసార్లు పెట్టింది." ఆయన తువ్వాలు భుజాన సర్దుకున్నాడు. "ఇళ్లకు పిలుచుకుపోతే కూచోబెట్టి పంచాయితీ పెడతారు, పాత కతలు తీస్తారు. రైలు ముందరైతే కొట్లాడేదానికి టైము చాలదమ్మా. సోరూ కూరా ఇచ్చేదానికి చాలును. ఇదే నీ విరుందు."

చారులతకు పొళ్లాచ్చి, పళని, ఆ తువ్వాలు ఊపడం, ఆ కేకలు, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. నిన్న పెట్టెలో అందరి ముందూ తాను కేకలేసింది ఎవరి మీద! కొబ్బరికాయల వెనకా పొంగలి వెనకా ఈయన ఎన్ని ఫోన్లు చేసి ఉంటాడు, ఎంతమంది చేత తిట్లు తిని ఉంటాడు! నిన్నటిది పరువు పోయిన సిగ్గు, ఇవాళ్టిది తన నోటిని తలుచుకుని తనకే వేసిన సిగ్గు. ఇదే ఎక్కువ మండింది.

"పెద్దనాయనా..." అంది.

"ముందు ఈ పక్కకు రా తల్లీ, స్టేషను వచ్చేస్తాంది."

పళనిసామి ఈసారి టీ అంగడి వెనక లేడు. ముందుకే వచ్చాడు గానీ కూతురి మొహం చూడలేదు. కిటికీ కమ్ముల మధ్య నుంచి సీటు కింది పెట్టెనే చూస్తూ నిలబడ్డాడు, ఎవరో ఆయనను పెట్టెలు తనిఖీ చెయ్యమని పంపినట్టు.

"పెట్టెకు బీగం ఉండాదా?" అన్నాడు.

"లేదు నాయనా," అంది చారులత.

"ఊరుగాని ఊరు పోతా ఉండారు. బీగం లేకుంటే ఎట్లా?" పొట్లం విప్పి ఇత్తడి తాళం ఒకటి లోపలికి అందించాడు. దానికి రెండు తాళంచెవులు. ఒకటి తీసి, కూతురు చాపిన చేతిని దాటించి ఆరోగ్యసామి చేతిలో పెట్టాడు. రెండోది తన చొక్కా జేబులో వేసుకున్నాడు.

"అది నా దగ్గిర ఉంటాది," అన్నాడు ఎటో చూస్తూ. "ఒకవేళ నీది పోతే... ఇంటికి వచ్చి తీసుకుపోండి."

రైలు కూత వేసింది. చారులత ఏడవడానికీ నవ్వడానికీ మధ్య ఇరుక్కుంది. ఆరోగ్యసామికి తెలుగు రాదు గానీ ఆ తాళంచెవి భాష అర్థమైంది. ఈ రెండు రోజుల్లో అతని చెవిన పదే పదే పడిన తెలుగు మాట ఒక్కటే. ఆ మాటే తడుముకుని, తాళంచెవి గుప్పిట్లో బిగించి, కిటికీలోంచి తల పెట్టి గట్టిగా అన్నాడు:

"దావలోనే గదా, మామా!"

పళనిసామి నోటి తాళం ఊడింది. ఎన్నో నెలల తర్వాత పకపకా నవ్వాడు. తలుపు దగ్గర కుళందైసామి తువ్వాలు ఊపుతూ, నవ్వుతూ, ఇంకో చేత్తో ఫోను చెవిన పెట్టుకుని ఎవరితోనో గట్టిగా మాట్లాడుతున్నాడు:

"హలో, లంకలో హాట్టన్ స్టేషనా? తిలకవతమ్మా, మీ అవ్వది చిన్నమనూరే గదా? అయితే మనోళ్లే! కండి నుంచి బదుళ్లకు పొయ్యే రైల్లో పిల్లోళ్లు వస్తా ఉండారు. రెండు నిమిషాలు కిటికీ దగ్గరికి రామ్మా. కష్టమేం లేదు..."