గాలాల వారి పుస్తకంలో లేని ఏడు ఇళ్లు

పన్నెండేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. వేదికలెక్కి మూఢనమ్మకాలను చీల్చి చెండాడిన నోటితో ఈ ఒక్క నిజం చెప్పలేకపోయాను. మీకు చెబుతున్నాను. నా పేరు మాత్రం అడక్కండి.

మా ఇంటిపేరు గాలాల. చాలా అరుదు. గొర్రెలు మేపుకొని బతికిన మా వాళ్లు ఉదయగిరి, సీతారామపురం, కలిగిరి వైపు కొన్ని ఊళ్లలోనే ఉన్నారు. వంశ చరిత్ర రాయమని బంధువులు అడిగితే ఊరూరా తిరిగి ఇళ్లు రాసుకున్నాను. ఆత్మకూరు దాటి చేజర్ల దగ్గర, చెరువు పక్కన చేపలు పట్టి బతికే యానాదుల పాలెంలో ఏడు ఇళ్లకు ఇదే పేరుందని తెలిసి వెళ్లాను. అక్కడొక అవ్వ చేపల పులుసు పెట్టి నవ్వింది.

"గొర్రెలోళ్లకి గాలంతో పనేంది నాయనా? మీ ఇంట్లో ఎవురన్నా ఒక్క చేప పట్టినారా?"

"లేదవ్వా."

"అప్పుడెప్పుడో మీ పెద్దోళ్ల ఇంట్లో పుట్టిన బిడ్డ పుట్టినట్టే పోతా ఉంటే, ఆఖరోణ్ణి మా ముత్తవ్వకి చేటెడు తవుడుకి అమ్మినారు. ఆమె పాలిచ్చి సాకింది. నడక వచ్చినాక మీ వాళ్లకే ఇచ్చేసింది. మా ఇంటిపేరు మాత్రం వాడికే ఉంచేసింది. తవుడుకొచ్చినోడి వంశంరా నువ్వు! ఇంకో ముద్ద తిను."

అమ్మేస్తే చావు మోసపోతుందన్న నమ్మకాన్ని నేను ఒప్పుకోను. బిడ్డను బతికించింది తవుడు కాదు, ఆ తల్లి పాలు. ఆమె లేకపోతే నేను లేను, నా వాదనలూ లేవు. ఆ రోజు గుండె నిండా కృతజ్ఞతతోనే బస్సెక్కాను. మరెందుకు రాయలేదు?

ఒక్క ముసలమ్మ మాట ఆధారం కాదని నాకు నేనే చెప్పుకున్నాను. గాలాలు విసిరి ఉదయగిరి కోటగోడలెక్కిన సైనికుల సంతతి మేమని రాశాను. దానికేం ఆధారం ఉంది? ఏమీ లేదు. నేనే అల్లాను. నిజం రాస్తే బంధువులు మొహం చాటేస్తారని, శాలువా కప్పరని భయం. కుల నిర్మూలన మీద గంటలకొద్దీ ఉపన్యసించినవాణ్ణి, ఆ ఏడు ఇళ్లనూ జాబితాలోంచి కొట్టేశాను.

మరుసటి ఏడాది ఉదయగిరిలో గాలాల వారంతా కలుసుకున్నారు. సంగతి విని అవ్వ తన వాళ్లతో వచ్చింది. మా వాళ్లు గేటు దగ్గరే నా పుస్తకం తెరిచి, మీ ఇళ్లు ఇందులో లేవు, మా పేరు పెట్టుకుని తిరగొద్దని చెప్పి పంపేశారు. నేను వేదిక మీదున్నాను. అవ్వ నన్ను చూసింది. ఒక్కసారి పిలిచి ఉంటే దిగి రాక తప్పేది కాదు. పిలవలేదు. నన్ను కాపాడిందా, అసహ్యించుకుందా? అడగడానికి ఆమె ఇప్పుడు లేదు.

ఆ పాలెం పిల్లలు బడిలో ఇంటిపేరు చెప్పడానికి జంకుతున్నారని ఈ మధ్యే విన్నాను. అందుకే రాస్తున్నాను. మా వాళ్లు చదివితే నేనెవరో పోల్చుకుంటారు. పోల్చుకోనీ. ఆ ఏడు ఇళ్లవాళ్లు మా పేరు పెట్టుకోలేదు. వాళ్ల పేరుతో మేం బతుకుతున్నాం. నన్ను క్షమించమని ఎవరినీ అడగను, అడిగే ముఖం లేదు. పాలిచ్చి పేరిచ్చిన ఆ తల్లి మాకూ ముత్తవ్వే. ఈ మాట రాశాక ఊపిరి ఆడుతోంది.