సుత్తి సారుకు బ్రేకుల మీద అనుమానం

పొద్దున ఏడు కాగానే సుత్తి సారు బండి చుట్టూ ప్రదక్షిణ మొదలుపెట్టేవాడు. ఎదురింటివాళ్లకు అదొక కాలక్షేపం. ముందు నడుం వంచి బండి కింద నేల చూస్తాడు, రాత్రి ఏమైనా కారిందేమోనని. తడి కనిపిస్తే వేలితో తాకి వాసన చూస్తాడు. ఏసీ నీళ్లేనని తేలినా ఆ తడివంక ఇంకోసారి చూసి గానీ లేవడు. టైర్లలో గాలి చూడటానికి ఆయన దగ్గర రెండు మీటర్లుండేవి. ఒకటి అబద్ధం చెబితే రెండోది పట్టిస్తుందని ఆయన లెక్క. రెండూ ఒకే అంకె చూపిస్తే మాత్రం, రెండూ ఒకే కంపెనీవి కదా, కూడబలుక్కున్నాయేమోనని గొణుక్కునేవాడు.

ముప్పై ఒక్క ఏళ్లు బస్సుల డిపోలో బ్రేకులు పరీక్షించిన మనిషి. చిన్న సుత్తి పట్టుకుని ప్రతి చక్రాన్నీ తట్టి, చప్పుడు విని, బస్సు రోడ్డెక్కవచ్చో లేదో చెప్పేవాడు. ఆ సుత్తి వల్లే ఆ పేరొచ్చింది. చెప్పిందే పదిసార్లు చెప్పే గుణం కూడా ఉండటంతో పేరు రెండు విధాలా అతికింది. ఎక్కడో గుద్దుకొచ్చిన ప్రతి డ్రైవరూ "బ్రేకులు పట్టలేదు సార్" అనేవాడు. సుత్తి సారు ఒక్కడిని కూడా నమ్మలేదు. "పట్టకపోవడం కాదు, నువ్వు తొక్కకపోవడం" అని మొహం మీదే అనేవాడు. పదింట తొమ్మిదిసార్లు ఆయన మాటే నిజమయ్యేది. ఆ పదోసారి సంగతి ఆయనెప్పుడూ ఎత్తేవాడు కాదు.

రిటైరయ్యాక ఆ చూపంతా ఇంటి బండి మీద పడింది. అది ఏడు సీట్ల వ్యాను, పక్కకి జరిగే తలుపులది, రెండో మనవరాలు పుట్టిన ఏడాది కొన్నది. కొడుకు తెల్లారకముందే షిఫ్టుకు పోతాడు, పైగా స్టీరింగు చూస్తేనే చెమటలు పట్టే రకం. కోడలు ఆసుపత్రిలో నర్సు, ఉదయం డ్యూటీ ముగించుకుని మధ్యాహ్నానికి ఇంటికొస్తుంది. షుగరు రోగుల కాళ్ల పుండ్లకు కట్లు కట్టడం ఆమె పని. ఆమెకు లైసెన్సుంది గానీ, బండి తాళం ఆమె చేతికిచ్చిన పాపాన సారు ఎప్పుడూ పోలేదు. కాబట్టి పిల్లలిద్దరినీ స్కూలుకు దింపడం, తీసుకురావడం ఆయన సొంత రాజ్యం.

ఆ రాజ్యంలో చట్టాలు చాలా ఉండేవి. నీళ్ల సీసా ముందు వైపు పెట్టకూడదు, దొర్లి బ్రేకు కింద దూరుతుంది. కాళ్ల కింద పట్టా జారకుండా కొక్కేలు వేసి బిగించాలి. తలుపులకు పిల్లల లాకు పడిందో లేదో లోపల్నుంచి ఒకసారి, బయటినుంచి ఒకసారి లాగి చూడాలి. "బెల్టు పెట్టుకున్నాం తాతయ్యా" అంటే ఆయనకు చాలదు. విప్పి మళ్లీ పెట్టుకోమనేవాడు. రెండు క్లిక్కులు తన చెవిన పడితే గానీ తాళం తిప్పేవాడు కాదు.

అంత జాగ్రత్త పడే మనిషి బండి, ఒక సోమవారం ఉదయం స్కూలు గేటు దగ్గర ఆగాల్సిన చోట ఆగలేదు. మూరెడు ముందుకెళ్లింది. గురువారం బారెడు ముందుకెళ్లింది. ఎదురుగా ఎవరో పాప బూటు తాడు కట్టుకుంటోంది. ఆ పాపకూ బంపరుకూ మధ్య రెండడుగుల జాగా ఉందేమో. వెనక సీట్లోంచి పెద్ద మనవరాలు "తాతయ్యా" అని మాత్రం అంది. సుత్తి సారు ఇంటికొచ్చి ఆ మధ్యాహ్నం అన్నం సరిగా తినలేదు.

వెంటనే అనుమానం గరాజు మేస్త్రి మీదికి పోయింది. నెల కిందటే ఆ మేస్త్రి బ్రేకు ప్యాడ్లు మార్చాడు. ఒకప్పుడు డిపోలో సారు కిందే ఫిట్టరుగా పనిచేశాడు. నట్టు ఒకటి బిగించడం మరిచాడని నలుగురి ముందూ సారు చేత చీవాట్లు తిన్నాడు. పాత కక్ష కడుపులో పెట్టుకుని నకిలీ ప్యాడ్లు వేసుంటాడని సారుకు తోచింది. తోచడమేమిటి, సాయంత్రానికల్లా ఖాయమైపోయింది.

మేస్త్రి నాలుగు చక్రాలూ విప్పి చూపించాడు. ప్యాడ్లు బాగున్నాయి, బ్రేకు ఆయిలు గీత దాకా ఉంది, గొట్టాల్లో గాలి లేదు.

"అన్నీ ఇంత సరిగ్గా ఉన్నాయంటేనే నాకు తేడాగా ఉందోయ్" అన్నాడు సారు.

"సరిగ్గా ఉన్నదాన్ని పాడుచేసి చూపించమంటారా సారూ?" అన్నాడు మేస్త్రి విసుగు దాచుకుంటూ.

సారు బండిని ఊరి రెండో చివరున్న ఇంకో గరాజుకు తీసుకెళ్లాడు. వాళ్లూ ఏ లోపమూ లేదన్నారు. అంటే వీళ్లూ వాళ్లూ ఒక తాను ముక్కలేనని ఆయన తేల్చుకున్నాడు. ఎదురుపడ్డ ప్రతివాడితోనూ అదే చెప్పాడు, ఇంట్లో భార్యతోనూ చెప్పాడు. ఆవిడ కూరగాయలు తరుగుతూ, "ఊళ్లో మెకానిక్కులంతా పని మానుకుని మీ మీద కుట్ర పన్నుతున్నారా" అంది. ఆ మాటకు సారు నవ్వలేదు. పిల్లలు రోజూ ఎక్కే బండి అది. ఏదో ఒకరోజు ఆగకపోతే ఏమవుతుందో, ముప్పై ఒక్క ఏళ్లు అలాంటి బండ్లే చూసిన ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అప్పట్నుంచి ఎడంచెయ్యి హ్యాండ్ బ్రేకు మీద వేసుకుని, ఇరవై దాటకుండా నడిపేవాడు. వెనక బండ్లు హారను మీద హారను కొట్టేవి.

అనుమానం పెనుభూతమని ఊరికే అనలేదు. ఒకరోజు డ్రైవరు సీటు ఒక గడి ముందుకు జరిగి ఉంది. అద్దం వంపు మారింది. మర్నాడు మధ్యాహ్నం కునుకుకు ముందు సుత్తి సారు ఎవరికీ చెప్పకుండా, టైరు నేలకు ఆనే చోట సుద్దముక్కతో చిన్న గీత గీశాడు. బండి కదిలి మళ్లీ అక్కడే ఆగినా, గీత అదే చోటికి రాదు. కునుకు తీసి లేచి చూస్తే గీత టైరు పైభాగాన ఉంది.

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, సుత్తి సారు మాత్రం పట్టి తీరాలనుకున్నాడు. కోడలు ఫోనులో మాట్లాడుతూ తనను చూడగానే గొంతు తగ్గించడం ఆయన కంటపడింది. ఇంకోసారి అదే ఫోనులో "మేస్త్రిగారూ" అన్న మాట చెవినపడింది. పెద్ద మనవరాల్ని పక్కకు పిలిచి మెల్లగా అడిగాడు.

"మీ అమ్మ బండి ఎక్కడికి తీసుకెళ్తోందమ్మా?"

"నాకు తెలీదు తాతయ్యా" అంది ఆ పిల్ల. కాసేపాగి, "తెలిసినా చెప్పొద్దంది" అంది.

ఇక చెప్పేదేముంది? మంచి ప్యాడ్లు ఊడదీసి పాతవి తగిలించడం, బండి పనికిరాదనిపించి అమ్మించడం, ఆ డబ్బుతో కోడలికి చిన్న కారు. మూడు రోజుల్లో సుత్తి సారు బుర్రలో కథంతా అల్లుకుంది. ఆ కథలో ఆయన పిల్లల్ని కాపాడుతున్న ఒకే ఒక్క మనిషి.

నాలుగో రోజు కునుకు నటించాడు. కళ్లు మూసి చెవులు తెరుచుకుని పడుకున్నాడు. రెండు కాగానే బండి స్టార్టయింది. లేచి, బూట్లు తొడుక్కుని, వీధి చివరిదాకా నడిచి చూస్తే, స్టీరింగు దగ్గర కోడలు, పక్కన మేస్త్రి. మూతపడ్డ మిల్లు వెనక ఖాళీ స్థలంవైపు బండి తిరిగింది. ఆయన రొప్పుతూ అక్కడికి చేరేసరికి కోడలు బండిని పరుగు తీయించి ఆపుతోంది. మళ్లీ పరుగు తీయించి మళ్లీ ఆపుతోంది. ప్రతిసారీ బండి ముక్కు వంచి నిలబడిపోతోంది.

"ప్యాడ్లు మార్చడానికి మంచి చోటే చూసుకున్నారు" అన్నాడు సారు.

మేస్త్రి తేలు కుట్టిన దొంగలా కిందికి చూశాడు. కోడలు మాత్రం ఇంజను ఆపి, హ్యాండ్ బ్రేకు లాగి, దిగి వచ్చింది.

"ఎవరినడిగి తీశావమ్మాయ్ బండి?"

"అడిగితే ఇవ్వరు కదా మామయ్యా. అందుకే రెండో తాళంతో తీశాను. చేతికి అలవాటు తప్పింది, మేస్త్రిగారిని పక్కన కూర్చోమన్నాను."

"ఇప్పుడు నీకు అలవాటెందుకు?"

ఆమె ఉన్నమాట చెప్పేసింది. "బ్రేకుల్లో ఏమీ లేదు మామయ్యా. మీ కుడికాలి మీద నాకు అనుమానం."

"ఈ కాలితోనే పొద్దున రెండు కిలోమీటర్లు నడిచొచ్చాను."

"పోయిన వారం కూడా నడిచొచ్చారు. బూటులో మేకు లేచి మేజోడంతా నెత్తురైంది. ఉతకబోతే నాకు తెలిసింది. మీకెప్పుడు తెలిసింది?"

"అది బూట్లు కుట్టినవాడి నిర్వాకం. వాడికి గడ్డి పెట్టి వచ్చాను కూడా."

"మేకు అతనిదే. మరి నొప్పి ఏమైంది మామయ్యా?"

ఆమె అక్కడితో ఆగలేదు. "స్కూలు వాచ్‌మన్ మీ బండి చూడగానే నాలుగడుగులు వెనక్కి జరుగుతున్నాడు. మర్యాద అని మీరు అత్తయ్యతో చెప్పారట. మర్యాద కాదు. భయపడి నాకు ఆసుపత్రికి ఫోను చేశాడు."

ఆ మాట ఆయనకు చెంపదెబ్బలా తగిలింది. అయినా లొంగలేదు. మాటలతో తేలేది కాదు, డిపో పరీక్ష పెడదామన్నాడు. ఇటుక ముక్కతో నేలమీద అడ్డంగా గీత గీశాడు. నలభైలో రావాలి, గీత మీదికి ముందు చక్రం రాగానే తొక్కాలి, ఆగిన చోటికి అంగలు కొలవాలి. అదే బండి, అవే బ్రేకులు, అదే నేల.

కోడలు పన్నెండు అంగల్లో ఆపింది. కొలిచింది సారే.

సారు ఎక్కి, సీటు వెనక్కి జరుపుకుని, అద్దం సరిచేసుకుని, బెల్టు పెట్టుకుని వచ్చాడు. ఇరవై ఒకటి. కొత్త చోటు కదా అన్నాడు. రెండోసారి ఇరవై నాలుగు. ఎండకు కళ్లు చెదిరాయన్నాడు. మూడోసారి మేస్త్రిని పక్కన కూర్చోబెట్టుకుని, పళ్లు బిగబట్టి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి తొక్కాడు. దిగి తనే కొలిచాడు. ఇరవై రెండు.

"గీత మీదే తొక్కాను" అన్నాడు.

"గీత దాటాక తొక్కారు సారూ" అన్నాడు మేస్త్రి, చాలా మెల్లగా. "అదీ పెడలు అంచు మీద. కాలు సగం కిందికి జారిపోయింది. మీరు దాన్ని జరుపుకోను కూడా లేదు."

ఇంకెప్పుడైనా అయితే నువ్వెటూ అదే అంటావని సారు విరుచుకుపడేవాడు. ఈసారి అంగలు కొలిచింది తన కాళ్లే. కోడలు ఆయన్ను జరిగే తలుపు దగ్గర గడప మీద కూర్చోబెట్టి, కుడిబూటు విప్పి, మేజోడు తీసి, పాదాన్ని తన ఒళ్లో పెట్టుకుంది.

"మామగారి కాలు ఒళ్లో పెట్టుకోవడం ఏమిటమ్మాయ్" అన్నాడు ఆయన మొహమాటపడుతూ.

"రోజుకు ముప్పై మందివి పెట్టుకుంటాను. కళ్లు మూసుకోండి. పెన్ను మొనతో తాకుతాను, ఏ వేలో చెప్పండి. ఊహించి చెప్పకండి."

ఆయన కళ్లు మూసుకున్నాడు. దూరంగా రోడ్డు మీద బండ్ల చప్పుడు వినిపిస్తోంది. మేస్త్రి ఎక్కడో పక్కన నిలబడి గొంతు సవరించుకున్నాడు. ఎండ మోకాళ్ల మీద వెచ్చగా తగులుతోంది. ఆ వెచ్చదనం మోకాళ్ల దగ్గర, పిక్కల దగ్గర బాగానే తెలుస్తోంది. సారు ఓపిక పట్టి చూశాడు. చాలాసేపే చూశాడు.

"ఊఁ, కానియ్యమ్మా. ఎంతసేపు? మొదలుపెట్టు" అన్నాడు.

జవాబు రాలేదు. కళ్లు తెరిచాడు. కోడలు పెన్నుకు మూత పెట్టేసింది. ఐదు వేళ్ల మీదా, అరికాలి నడుమా, మడమ మీదా నీలం చుక్కలున్నాయి. ఒక్కొక్క చోట రెండేసి ఉన్నాయి.

సుత్తి సారు ఆ చుక్కల్ని చూస్తూ కూర్చున్నాడు. చెయ్యి చాచి బొటనవేలిని గిల్లాడు, ఇంకా గట్టిగా గిల్లాడు. గోటి అచ్చు పడింది గానీ అది ఎవరి వేలో అన్నట్టుంది. అప్పుడు ఆయనకు భయం వేసింది. ఇన్నాళ్లూ పడ్డది భయమే కాదు, ఇది భయం. ఎన్ని ఉదయాలు ఆ ఇద్దరినీ వెనక కూర్చోబెట్టి, వాళ్ల బెల్టుల చప్పుడు విని, ఈ లేని కాలిని పెడలు మీద పెట్టుకుని బయల్దేరాడో లెక్క వేయబోయాడు. సోమవారం దగ్గరే ఆగిపోయాడు, అంతకుముందుకు పోవడానికి ధైర్యం చాలలేదు. బూటు తాడు కట్టుకుంటున్న ఆ పాప గుర్తొచ్చింది. 

"షుగరు వల్లే అనిపిస్తోంది మామయ్యా, మందులున్నాయి. పుండ్లు పడకుండా చూసుకోవచ్చు. నడక ఆపక్కర్లేదు" అంది కోడలు.

"స్పర్శ తిరిగొస్తుందా?"

ఆమె అబద్ధం చెప్పలేదు. "నా దగ్గరికొచ్చేవాళ్లలో చాలామందికి రాలేదు" అంది.

ఆయన తలూపాడు. మేస్త్రివైపు తిరిగాడు. "నీ పనిలో వంక లేదోయ్. నేనే ఊరంతా చాటుకొచ్చాను. రేపట్నుంచి ఒక్కొక్కరికీ నేనే చెబుతాను."

"అదంతా ఎందుకు సారూ" అన్నాడు మేస్త్రి. 

సారు మేజోడు తొడుక్కున్నాడు. బూటు కోసం చూస్తే కోడలు దాన్ని తలకిందులు చేసి, లోపల చెయ్యి పెట్టి తడిమి, అప్పుడు అందించింది. స్కూలు వదిలే వేళయింది. సుత్తి సారు లేచి, డ్రైవరు తలుపుదాకా వెళ్లి, దాన్ని పట్టుకుని ఒక్క క్షణం నిలబడ్డాడు. తర్వాత కోడలి కోసం తలుపు తెరిచి పట్టుకున్నాడు.

"సీటు ముందుకు జరుపుకోమ్మా, నీకు అందదు" అన్నాడు.