చిన్న బోల్టుకు బిగించిన కండెన్సర్

ముందే చెబుతున్నాను, ఇది ఒక మైకు సెట్టునూ మా బావ పరువునూ ఒక్క పూటలో తగలబెట్టిన కథ. మీరు నవ్వుకోండి. నాకు మాత్రం డెబ్బైల నాటి ఆ కుర్ర ఎలక్ట్రీషియన్‌ను తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. వాడు నేనే కాబట్టి చెంప పగలగొట్టలేకపోతున్నాను.

మా అక్క మొగుడు యోహాను నంద్యాలలో పాత జీపు కొని, మైకు కట్టి, ఊరూరా ప్రచారం చేసే పని మొదలుపెట్టాడు. మొదటి బేరం ఆళ్లగడ్డలో ఒక శెట్టిగారి బట్టల కొట్టు ప్రారంభం. అది చెడితే ఇంకో బేరం రాదు. తీరా చూస్తే, జీపు కదిలితే చాలు, మైకులో గుయ్యిమని డైనమో రొద.

“ఏందప్పా ఇది? నేను అరుస్తాండానా, డైనమో అరుస్తాందా?” అన్నాడు బావ.

“కండెన్సర్ బిగిస్తే నోరు మూస్కుంటాది, ఉండు బావా!”

డైనమోకు రెండు బోల్టులు. పెద్ద బోల్టు నుంచి కరెంటు బయటికి వస్తుంది. చిన్న బోల్టు నుంచి వైరు వోల్టేజీని అదుపులో పెట్టే రెగ్యులేటర్‌కు పోతుంది. కండెన్సర్ బిగించాల్సింది పెద్దదానికి. కానీ నా చేతిలోని కండెన్సర్ చిన్నది కదా, చిన్నదానికి చిన్నదే సరి అనుకున్నాడండీ ఆ తెలివితక్కువ వెధవ!

“యాడ బిగిస్తాండావ్? పెద్దదానికి కాదా?” అని బావ అడగనే అడిగాడు.

“మైకు పట్టేది నీ పని, పానా పట్టేది నా పని. నోరు మూస్కో!” అని కసిరాను. రొద పిసరంత కూడా తగ్గలేదు. “దారిలో సర్దుకుంటాది, పోదాం పా,” అని నేనూ జీపెక్కాను.

దారిలో ఆ కండెన్సర్ దెబ్బకు రెగ్యులేటర్ లోపలి పాయింట్లు మాడి అతుక్కుపోయాయి. ఇక డైనమో వోల్టేజీకి అడ్డూ అదుపూ లేదు. ఆళ్లగడ్డ బజారులో బావ గొంతు సవరించుకుని “మహాజనులారా” అన్నాడో లేదో, ఆంప్లిఫయర్ ఫట్‌మని పేలింది. జీపు నిండా పొగ.

శెట్టిగారు ఉరుక్కుంటూ వచ్చారు. “కొట్టు తెరుస్తాండామని చెప్పమంటే, కాలిపోయిందని చెప్తాండారా?”

బావ పళ్లు నూరాడు. “శబ్దం పోతాదంటివి. మొత్తం పోగొడితివి కదరా! ఇంగ నువ్వే అరిచి సావు!”

చీరల పెట్టె అట్టను గొట్టంలా చుట్టి నా మూతికి ఆనించాడు. ఆ కోపంలో ఆళ్లగడ్డ సందులన్నీ అదిరేలా అరిచాను. జనం విరగబడి వచ్చారు.

సాయంత్రం శెట్టిగారు బావను పిలిచి మెచ్చుకున్నారు. “పండక్కు గూడా ఈయప్పనే పంపు. జీపు వద్దులే.”

బావ నన్ను చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు. అందుకే పానా మీద చెయ్యేసి ప్రమాణం చేస్తున్నాను. మళ్లీ ఆ చిన్న బోల్టు జోలికి పోతే, కండెన్సర్‌ను నా గొంతుకే బిగించండి.